పంపుహౌసుకు తాళం వేసిన రోజు

ప్రత్తిపాడు బస్సులో ఒళ్ళో పెట్టుకున్న అట్టపెట్టెను చూసి కండక్టరు, "ఏందమ్మా అది, వీసీడీ ప్లేయరా?" అన్నాడు. కాదన్నాను. పెట్టెలో ఉన్నది రౌటరు, దానికి తగిలించే సీరియల్ మాడ్యూలు. అదేమిటో చెప్పబోయేలోగా అతను నలుగురికి టిక్కెట్లు కొట్టేశాడు.

రెండువేల ఐదారు ప్రాంతం మాట. ఇంజనీరింగ్ అయ్యి గుంటూరులో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఊళ్ళకు మంచినీళ్ళు పంపే పంపుహౌసుల్లో పాతకాలపు కంట్రోలు పెట్టెలుండేవి. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో అవి టెలిఫోను తీగ మీద గుంటూరు ఆఫీసుకు చెప్పేవి. మోటారు ఆపమనో వేయమనో అక్కణ్ణుంచి వచ్చే కబురు వినేవి. ఆ పెట్టెలు మార్చాలంటే తలకు మించిన పని. అందుకే వాటి పాత కేబుల్‌ను మా మాడ్యూలుకు తగిలిస్తే, వాటి మాటలకు రౌటరు తాళం వేసి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని, మార్చలేని సంకేతాలుగా చేసి, కొత్త లైను మీద పంపుతుంది. అవతల ఆఫీసులో ఉన్న రౌటరు ఆ తాళం తీస్తుంది. నా ఉద్యోగం అదే.

పంపుహౌసు ఆపరేటరుకు యాభై దాటి ఉంటాయి. రోడ్డు అవతలి కళ్ళంలో మిరపకాయలు ఆరబోశారు. గాలి వీచినప్పుడల్లా ఇద్దరం తుమ్ముతూనే మాట్లాడుకున్నాం.

"తాళం ఎందుకమ్మా? నీళ్ళ సంగతి ఎవడింటాడు?" అన్నాడు.

"వినడమే కాదు బాబాయ్ గారూ, ఎవరైనా మోటారు ఆపెయ్యొచ్చు."

"బాగా చెప్పావులే. ఈ పెట్టె గుంటూరు మాటే వింటది."

నాకు పౌరుషం వచ్చింది. పాత తీగకు లాప్‌టాప్ తగిలించి, ఆఫీసు పంపినట్టే ఆపమని పంపాను. మోటారు హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మళ్ళీ వేసేస్తాను," అన్నాను.

"వేస్తే కాలిపోద్ది! ఆగిన మోటారు అరగంట చల్లారాలి. ట్యాంకు అడుగంటింది, రెండూళ్ళ ఆడవాళ్ళు బిందెలతో నుంచోని ఉన్నారమ్మా!"

రెండు నిమిషాల్లో, నీళ్ళు రాలేదేమని ఊళ్ళోంచి ఫోను మోగింది. ఆయన తీసి, "చిన్న రిపేరండీ, అరగంటలో వదుల్తాం," అన్నాడు. ఆ ఫోను మరో మూడుసార్లు మోగింది, మూడుసార్లూ అదే జవాబు. నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

అరగంటకు మోటారు వేశాక లాగ్‌బుక్కులో 'చిన్న రిపేరు' అని రాసి, నావైపు తిరిగాడు. "సరే, పెట్టెయ్ ఆ తాళం."

పెట్టాను. కానీ లాప్‌టాప్ తెరమీద ట్యాంకు నీళ్ళ అంకెల మధ్య ఏవో పిచ్చిబొమ్మలు వచ్చాయి. గుంటూరు ఆఫీసులో కూర్చున్న నా క్లాస్‌మేట్‌కు ఫోను చేశాను. "ఏరా, అక్కడెలా ఉంది?" "ఇక్కడా చెత్తేనే!" అన్నాడు. వేగం మార్చాను, కేబుల్ మార్చాను. మధ్యాహ్నమైంది. ఆయన క్యారియర్లోంచి గోంగూర పచ్చడి అన్నం సగం నాకు పెట్టి, తింటూ తెరనూ గోడమీది నీటిమట్టం మీటరునూ మార్చిమార్చి చూస్తున్నాడు.

"అమ్మాయ్, మూడు, ఐదు, ఆరు, తొమ్మిది, సున్నా బాగానే వస్తున్నయ్. ఒకటీ రెండూ నాలుగూ ఏడూ ఎనిమిదీ చెడుతున్నయ్. చూడు!"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన చెప్పిందే నిజం. పాత పెట్టె ప్రతి అక్షరానికీ ఏడు బిట్లు, తప్పు పట్టడానికి ఇంకొకటి పంపుతోంది. మా మాడ్యూలేమో ఆ ఎనిమిదింటినీ అక్షరమే అనుకుంటోంది. అందుకే ఆ ఎనిమిదో బిట్టు సున్నా కాక ఒకటిగా వచ్చే అంకెలే చెడుతున్నాయి. ఎడంచేత్తోనే ఆ సెట్టింగు మార్చాను. నాలుగు నాలుగులా, ఏడు ఏడులా వచ్చాయి. "వచ్చేసిందే!" అని ఫోన్లో అరిచాడు నా క్లాస్‌మేట్.

పాత టెలిఫోను తీగ పీకేశాక మా బాసుకు ఫోను చేయబోయాను.

"మోటారు సంగతి చెప్పకమ్మా. రిపేరని రాశాగా," అన్నాడాయన.

అయినా చెప్పాను. బాసు తిట్లు రిసీవరు దాటి ఆయనకూ వినిపించాయి. అంకెల రహస్యం ఆపరేటరే పట్టుకున్నాడని కూడా చెప్పాను. బాసు తిట్లు ఆపాడు. "ఆయనకు థ్యాంక్స్ చెప్పు. రేపు కనిగిరి వైపు వెళ్ళు. అక్కడ దేనిమీదైనా చెయ్యి వేసే ముందు ఆపరేటర్ని అడుగు," అని పెట్టేశాడు.

లాగ్‌బుక్కు అడిగి తీసుకుని, 'చిన్న రిపేరు' కింద 'మోటారు ఆపింది నేను' అని రాసి సంతకం పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"నీ దస్తూరీ బాగుందమ్మా," అని పుస్తకం మూసి, బస్సు వేళవుతోందని నన్ను తొందరపెట్టాడు.