నోట్లో మాట లాక్కునే బాబాయి

ప్రాంప్టరు బాబాయి ఎదుట నిలబడి ఎవరైనా ఒక వాక్యం మొదలుపెట్టవచ్చు. ముగించే హక్కు మాత్రం ఆయనదే.

వయసంతా ఆయన నాటకాల్లో తెర పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు అందించాడు. అక్కడ ఆయన అందించిన మాట ఏనాడూ తప్పు పోలేదు. చిక్కంతా ఆ పీట మీంచి లేచి వీధిలోకి వచ్చాకే. నాటకానికి రాతప్రతి ఉంటుంది, వీధికి ఉండదు. ఈ చిన్న సంగతి ఆయన చెవిన వెయ్యాలని చాలామంది ప్రయత్నించారు. ఆ వాక్యాలు కూడా ఆయనే ముగించాడు.

ఒకసారి డాక్టరు ఆయన కాగితాలు తిరగేసి, "మీ రక్తంలో చక్కెర..." అన్నాడు.

"తగ్గింది," అందించాడు బాబాయి.

"పెరిగిందండీ! ఇకనుంచి మీరు పొద్దున్నే లేచి..."

"తీపి తినాలి."

అప్పటినుంచి ఆ డాక్టరు ఆయన నోట్లో థర్మామీటరు పెట్టి గాని మాట్లాడడం లేదు.

పక్కింటాయన పోయినప్పుడు పరామర్శకు వెళ్ళాడు. పోయినాయన భార్య కళ్ళు తుడుచుకుంటూ, "పోయేముందు ఆయన ఒక్కటే కోరారు అన్నయ్యగారూ..." అంది.

"మంచినీళ్ళు."

"కాదు. మిమ్మల్ని ఆస్పత్రికి రానివ్వొద్దని. ఆఖరి మాటైనా తననే చెప్పుకోనివ్వమని."

ఇక పిన్ని సంగతి చెప్పనక్కర్లేదు. "ఇన్నేళ్ళ కాపురంలో నేను పూర్తిచేసిన వాక్యం ఒక్కటే. ఆయన పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు. ఏం చెప్పాలో తోచక, ఇంటికి తాళం వేశానని చెప్పాను," అనేది.

ఇలాంటి మనిషి ఉన్న నాటక బృందంలోకి కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి వచ్చి చేరింది. ఆమెకు నత్తి. షాపులో లోపలి గదిలో అద్దాలు అరగదీసేది. కొనేవాళ్ళతో మాట్లాడే అవసరం రాకూడదని యజమాని దయతలచి ఇచ్చిన గది అది. ఆ దయ భరించలేకే సాయంత్రాలు ఇటు వచ్చింది.

బృందానికి అధ్యక్షురాలు మేడమ్. ఊళ్ళో ఉన్న రకరకాల భాషల వాళ్ళనీ, కళ్ళో కాళ్ళో చెవులో మొరాయించిన వాళ్ళనీ ఒకే వేదిక మీదికి ఎక్కించాలని ఆమె ఆశయం. ఆశయం గొప్పదే. వేదికకు మెట్లు తప్ప మరో దారి లేదన్న విషయం ఒక్కటే ఆశయంలో చేరలేదు. అందుకని చక్రాల కుర్చీలో వచ్చే బేకరీ ఆయన్ని నలుగురు కుర్చీతో సహా ఎత్తి పైన పెట్టేవాళ్ళు. ఆయన దాన్ని పట్టాభిషేకం అనేవాడు. అలా రాజుగారయ్యాడు. పోస్టరు మీద మాత్రం ఆ కుర్చీ అందరికంటే ముందుండేది.

"అంతా బాగుంది గానీ, మనలో చూపులేని వాళ్ళు ఒక్కరు కూడా లేకపోయారే!" అని ఒకనాడు మేడమ్ నొచ్చుకుంది.

"బెంగపడకండి మేడమ్," అన్నాడు రాజుగారు. "ఈ హాల్లో కరెంటు పోతే మనందరం..."

"పాట పాడదాం," అందించాడు బాబాయి.

రాజుగారు మూడురోజుల పాటు ఆయనకు రొట్టె అమ్మలేదు. ఎంతో కష్టపడి కట్టుకున్న జోకు.

ఆ ఏటి నాటకం మేడమే రాసింది. ఒక ఇంటి గుమ్మం ముందు ఒక్కొక్కరూ వచ్చి, తాము పుట్టిన ఇంటి గురించి తమ భాషలో ఒక మాట చెప్పాలి. చెవులు వినపడని వడ్రంగి తన మాట చేతులతో చెబుతాడు. అందరూ అయ్యాక కళ్ళజోళ్ళ అమ్మాయి తలుపు పక్కన నిలబడి, "తలుపు తీసే ఉంది, లోపలికి రండి," అనాలి. నాటకానికి ఆఖరి మాట అదే. అమ్మాయి నాలుకకు అన్నిటికంటే ఎత్తయిన మెట్టు 'త'. రాసేముందు ఎవరూ ఆమెను అడగలేదు.

బాబాయి ఆ భాషలన్నీ బట్టీపట్టాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందించడంలో లోటు చేయలేదు. బేకరీలో రాజుగారు తన భాషలో ధర చెబితే, బాబాయి ఆ భాషలో తనకు వచ్చిన ఒకే ఒక్క వాక్యంతో బేరమాడేవాడు: "మా అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని నూలు వడికేది." వడ్రంగి చేతులతో ఏదైనా చెప్పబోతే, మధ్యలో తన చేతులు పెట్టి ముగించేవాడు. ఒకసారి వడ్రంగి ఆ రెండు చేతులూ పట్టుకుని ఆయన జేబుల్లో పెట్టేశాడు.

ఇంతమందికి అందించే మనిషి ఆ అమ్మాయికి మాత్రం ఒక్క అక్షరం అందించడు. ఆమెకు అక్కడే మండేది.

ఒకనాడు రిహార్సలుకు ఆలస్యంగా వచ్చి, "బస్సు దా... దా..." అని ఆగింది.

"దారి..." అనబోయింది మేడమ్, ముఖం నిండా ఓపిక పులుముకుని.

"తప్పారా మేడమ్? కారుంది కదా మీకు!" అన్నాడు బాబాయి.

"నా సంగతి కాదండీ. ఈ అమ్మాయి..."

"చక్కగా పాడుతుంది."

"అయ్యో రామా! నేననేది..."

"టీ తెప్పించమని. ఎవరక్కడ, మేడమ్‌కి టీ!"

ఈ గోలలో అమ్మాయి, "దాటిపోయింది," అని చెప్పి ముగించింది. విన్నది బాబాయి ఒక్కడే. ఊరికే తలూపి రాతప్రతిలోకి దూరిపోయాడు.

"ఊళ్ళో అందరికీ అం... అందిస్తాడు. నన్నే లెక్కచెయ్యడు," అని ఆమె రాజుగారి దగ్గర వాపోయింది. "నాకు అందించినా దం... దండగ అనా?"

"అదృష్టవంతురాలివి తల్లీ. నేనే గనక నీలా ఉంటే..."

"గుర్రమెక్కేవాణ్ణి," హాలు అవతలి చివరినుంచి వినిపించింది.

ప్రదర్శన దగ్గరపడ్డాక మేడమ్ ఆమెను పక్కకు పిలిచింది. "చూడమ్మా, నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఆ ఆఖరి మాట మా అమ్మాయి గొంతుతో రికార్డు చేయించాను. నువ్వు పెదవులు కదిపితే చాలు. నువ్వక్కడ నిలబడటమే పెద్ద సందేశం."

అమ్మాయి ముఖం ఎర్రబడింది. లోపలి గదిలోనే కాదు, వెయ్యి లైట్ల మధ్య కూడా ఆమె నోరు మూయించవచ్చని అప్పుడే తెలిసింది. "నేనే చె... చె..."

"చేతులు ఊప..." అని మేడమ్ మొదలుపెట్టింది.

"ఊపకండి మేడమ్, ఖరీదైన గాజులు," అన్నాడు బాబాయి పక్కనుంచి.

మేడమ్ గాజుల వైపు చూసుకునేలోగా అమ్మాయి, "చెప్తాను. నేనే చెప్తాను," అంది.

చివరికి మేడమ్ రాజీకి వచ్చింది. అమ్మాయి ఆగిపోకపోతే సరే, ఆగిపోతే రికార్డు వేస్తారు.

ప్రదర్శన రోజు హాలు నిండింది. ముందు వరసలో పెద్దలు కూర్చున్నారు. ప్రతి మాటకూ, అది అర్థం కాకముందే, చప్పట్లు కొట్టారు. రాజుగారు తన భాషలో ఒక పంక్తి మరిచిపోయి, దాని బదులు రొట్టెల ధరలు చెప్పినా కొట్టారు. అప్పుడు అమ్మాయి తలుపు పక్కకు వచ్చింది. లైటు పడింది.

"త..."

ఆగింది. మళ్ళీ, "త..." ఎవరో దగ్గారు. ముందు వరసలో జాలి మొదలైంది. తలలన్నీ ఒకే వైపు వాలాయి. అమ్మాయికి కంటికొసన తెర పక్కనున్నదంతా కనిపిస్తోంది: రికార్డు బటను మీద వేలుపెట్టిన సౌండాయన, ఆయన భుజం మీద మేడమ్ చెయ్యి, వాళ్ళిద్దరి మధ్యకు జరిగిన ముక్కాలిపీట.

"ఇక చాలు, ఆ రికార్డు..." అంది మేడమ్ గుసగుసగా.

"అరిగిపోయింది," అన్నాడు బాబాయి.

"లేదు! ఆ బటను..."

"షాకు కొడుతోంది."

సౌండాయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అబద్ధం! వెంటనే..."

"టీ తాగిరా."

"బాబాయిగారూ, దయచేసి మీరు నోరు..."

"ఇంతకంటే చిన్నగా తెరవలేను మేడమ్. జీవితమంతా గుసగుసలాడే బతికాను."

ఆయన గుసగుస ముందు వరస దాకా వినపడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు వరసంతా పాకి, వాలిన తలలు నిటారయ్యాయి. అమ్మాయిని ఆ క్షణాన ఎవరూ జాలిగా చూడటం లేదు. అసలు చూడటమే లేదు. ఆమె ఊపిరి పీల్చుకుని, తన తీరికలో, తన గొంతుతో అంది.

"తలుపు తీసే ఉంది. లో... లోపలికి రండి."

తెర పడ్డాక మేడమ్ కళ్ళనీళ్ళతో, ఇంకా రంగు తుడుచుకోని అందరి ముందూ, బాబాయిని బృందంలోంచి తీసెయ్యాలంది. అందరూ సరేనన్నారు. ఇదివరకు కూడా చాలాసార్లు అలాగే అన్నారు. రాజుగారైతే రెండు చేతులూ ఎత్తాడు.

"ఈయనతో వేగలేం తల్లీ," అన్నాడు అమ్మాయితో. "నువ్వు మాట కోసం అవస్థపడుతుంటే, పాపం సాయం చేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! ప్రతిసారీ మధ్యలో దూరి నా మాట లాక్కుపోయాడు. నేననే కాదు, మేడమ్‌దీ అంతే. నీకు ఒక్క మాట అందిద్దామంటే ఒక్కనాడు కుదరనివ్వలేదు."

ముఖం మీద రంగు తుడుచుకుంటున్న అమ్మాయి చేతిలో దూది ఆగిపోయింది. రాజుగారు ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆమె లేచి వెళ్ళింది.

బాబాయి పీట చంకన పెట్టుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"బాబాయ్, నాకెప్పుడూ ఎం... ఎందుకు అందించలేదు?"

ఆమె ముగించేదాకా ఆయన ఆగాడు. "మాట మరిచిపోయిన వాళ్ళకి అందిస్తారమ్మా. నువ్వెప్పుడు మరిచిపోయావు?"

"మరి మి... మిగతా అందరికీ?"

"వాళ్ళకి గుర్తుండి ఏడిస్తే కదా!"

చెప్పులు దొరికాయి. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, ఇవాళ నువ్వు అక్కడ నిలబడి చెప్పావు చూడు, అది..." అని ఆగాడు. జీవితంలో మొదటిసారి ఆయన వాక్యం సగంలో నిలిచిపోయింది. అమ్మాయి చాలాసేపు మర్యాదగా ఎదురుచూసింది. ఇక ఉండబట్టలేక అందించింది.

"బా... బాగుందా?"

"కాదు. లైటుకి వెనక నిలబడ్డావు. ముక్కు తప్ప ఏమీ కనపడలేదు. రేపటి ఆటకి ముందుకి జరుగు."