మూడుసార్లు చదివించిన కాగితం

నా చిన్నప్పుడు ఖాజాగూడలో పొద్దున కళ్ళు తెరవగానే మొదట వినిపించేది సమ్మెట చప్పుడు. చెరువు పక్కనున్న గుట్టల్లో మా తాతయ్య, ఊళ్ళోని మరికొందరు మగవాళ్ళు రాళ్ళు కొట్టేవారు. ఆ రాళ్ళు బండ్ల మీద పట్నానికి పోయేవి. ఇప్పుడు ఆ గుట్టల్లో సగం లేవు. వాటి చోట అద్దాల మేడలు లేచాయి. నేను ఈ ఊళ్ళోనే చదువుకుని, చుట్టుపక్కల సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా పాత ఇంటి మీద రెండు అంతస్తులు వేసి, ఆఫీసుల్లో పనిచేసే పిల్లలకు కిరాయికిచ్చాను. ఏడాదిగా ఒక పని మీద ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. విసుగు పుట్టి వెనక్కి వచ్చిన ప్రతిసారీ మా నానమ్మ ఒక పొద్దున చేసిన పని గుర్తుకొస్తుంది.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు తాతయ్య కాలి మీద బండ పడింది. ఎముక విరిగింది. పెద్ద దవాఖానకు తీసుకుపోవాలంటే చేతిలో డబ్బు లేదు. మా ఊరికి సైకిలు మీద ఒక షావుకారి వచ్చేవాడు. విత్తనాలకైనా, ఎడ్లకైనా, రోగానికైనా అందరూ అతని దగ్గరే తెచ్చుకునేవారు. మాట మెత్తన. పిల్లలకు పిప్పరమెంట్లు కూడా పంచేవాడు. నానమ్మ కబురు పంపితే మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, బాండు కాగితం ఒకటి తీసి, సిరా డబ్బా మూత తెరిచాడు.

నానమ్మకు అక్షరం ముక్క రాదు. కాగితం నా చేతికిచ్చి చదవమంది. అది గొలుసుకట్టు రాత. నాకు పుస్తకంలోని అచ్చక్షరాలే తెలుసు. ఎంత తిప్పి చూసినా ఒక్క మాటా పట్టుబడలేదు. షావుకారి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నానమ్మ కాగితం తీసి అతనికే ఇచ్చింది.

"నువ్వే చదువు సావుకారీ, నేనింట."

అతను గడగడా చదివాడు. మూడు వందల రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఏడాది గడువు. అంతే. నానమ్మ తల ఊపింది. వేలిముద్ర పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. పెరట్లో ఉన్న తన తోడికోడలిని పిలిచి, ఆమె కూడా వినాలంది. షావుకారి మళ్ళీ చదివాడు. ఆమె వినడం అయ్యాక, లోపల మంచంలో ఉన్న తాతయ్యకు వినపడలేదు, గడప దగ్గరికి వచ్చి జర గట్టిగా చదవమంది. ఈసారి అతని ముఖంలో చిరాకు కనిపించింది. అయినా లేచి వెళ్ళి మూడోసారి చదివాడు.

అతను మళ్ళీ అరుగు మీద కూర్చునేదాకా నానమ్మ ఆగింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"మొదట ఏడాది అంటివి. మా యారాలు ఇన్నప్పుడు ఉగాది దాంక అంటివి. ఇప్పుడు మా ఆయనకు పది నెలలని చెప్తివి. కాయితం మీది అచ్చరాలు గడియకో తీరుగ మారుతయా సావుకారీ?"

చదువు రానిదానికి చెవే పలక అని నాకు ఆ పూటే తెలిసింది. విన్న మాటను విన్నట్టే లోపల పెట్టుకోవడం తప్ప ఆమెకు వేరే దారి లేదు. కాగితం చూస్తూ మనసుకు తోచింది చెబుతున్న మనిషికి తను ముందు చెప్పిన మాట గుర్తులేదు. ఆమెకు ఉంది.

షావుకారి తడబడి, ఏదో పొరపాటన్నాడు. ఆలోగా నానమ్మ కాగితం అందుకుని నా చేతిలో పెట్టి, పంతులుగారిని పిలుచుకు రమ్మంది. నేను పరుగెత్తాను. మా బడి పంతులుగారు పంచె సర్దుకుంటూ వచ్చి, అరుగు ముందు నిలబడే చదివారు. వడ్డీ రెండు కాదు, నాలుగు. గడువు ఆరు నెలలే. ఆలోపు తీర్చకపోతే బావి కింది ఎకరం షావుకారికి రాసిచ్చినట్టే. చదవడం అయ్యాక పంతులుగారు ఆ కాగితాన్ని షావుకారి ముందు పెట్టారు.

షావుకారి అరవలేదు, సిగ్గూ పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అవసరం మీది. నాది గాదు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నానమ్మ అప్పటికప్పుడు కాళ్ళకున్న వెండి కడియాలు ఊడదీసి, మా నాన్నతో పట్నం పంపి అమ్మించింది. తాతయ్య కాలు అతికింది గానీ కుంటు మిగిలింది.

ఇంతవరకైతే ఇది ఒక తెలివైన ముసలమ్మ కథ. మా చుట్టాలు చెప్పుకునేటప్పుడు ఇక్కడే ఆపేస్తారు, నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ సాయంత్రమే ఎక్కువ గుర్తుంది.

సంగతి విని పక్కింటి అత్త వచ్చింది. అంతకు ముందటేడు ఎద్దు చనిపోతే ఆమె అదే షావుకారి దగ్గర అప్పు తీసుకుని వేలిముద్ర వేసింది. "నా కాయితంల ఏం రాసిండో వదినా?" అని అడిగింది. ఆమె కాగితం షావుకారి పెట్టెలో ఉంది. నానమ్మ ఆమె చేయి పట్టుకుని కూర్చుంది. ఆ పొద్దంతా లేని బాధ అప్పుడు ఆమె ముఖంలో చూశాను.

మర్నాటి నుంచి నానమ్మ నన్ను వెంటబెట్టుకుని చావడికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ కూర్చునే పెద్దమనుషులను ఆమె అడిగింది ఒక్కటే. ఊళ్ళో ఎవరు వేలు పెట్టాలన్నా ముందు ఆ కాగితాన్ని చావడి దగ్గర నలుగురిలో పంతులుగారు చదవాలి. పెద్దమనుషులు ఆమెను కూర్చోమని కూడా అనలేదు. షావుకారిని పరేషాన్ చేస్తే రేపటి నుంచి ఈ ఊరికి రాడు, అవసరానికి పైసలు ఎవరిస్తారు అని ఆమెనే తప్పుపట్టారు. "అప్పియ్యొద్దని నేనన్ననా? రాసింది రాసినట్టు చదివియ్యమంటున్న, గంతే" అంది నానమ్మ. వాళ్ళు చుట్టలు వెలిగించుకుని వర్షాల గురించి మాట్లాడుకున్నారు.

ఎనిమిది రోజులు పోయాం. ఆ ఎనిమిది రోజుల్లో నాకు కాళ్ళు లాగాయి, ఆకలి వేసింది, అందరూ నవ్వుతుంటే సిగ్గేసింది. ఒకరోజు దారిలో ఏడుపు ముఖంతో అడిగేశాను. మనం అప్పు తీసుకోలేదు కదా, మనకెందుకు నానమ్మా అని. ఆమె ఆగి, కొంగుతో నా ముఖం తుడిచింది.

"అప్పున్నోళ్ళు ఎట్ల మాట్లాడుతరు బిడ్డా? రేపు మల్ల ఆయన ముంగటనే నిలబడాలె గదా. మనకు లేదు. అందుకే మనమే అడగాలె."

తొమ్మిదో రోజున, ఈమె పోరు పడలేక, చాటింపు వేయించారు. కాగితం చదవకుండా వేలిముద్ర తీసుకుంటే ఆ అప్పు ఊరు ఒప్పుకోదని డప్పు కొట్టి చెప్పించారు. షావుకారి రెండుసార్లు వచ్చాడు, చావడి దగ్గర చదవమంటే చదవకుండా వెళ్ళిపోయాడు. ఊరికి అప్పు పుట్టకుండా పోతుందన్నారు కదా, అదేమీ జరగలేదు. వేరే ఒకాయన వచ్చాడు, రెండు రూపాయల వడ్డీకే ఇచ్చాడు, చదివే ఇచ్చాడు. పక్కింటి అత్త చేను మాత్రం దక్కలేదు. ఆ కాగితం చాటింపుకు ముందుది. తన చేలోనే ఆమె కూలికి పోయింది. ఆమె కొడవలి పట్టుకుని మా వాకిలి ముందు నుంచి పోతుంటే నానమ్మ తల దించుకునేది. ఒక్క ఏడాది ముందు అడిగి ఉంటే అని తనను తాను తిట్టుకునేది.

పోయినేడు మా పై అంతస్తులో ఉండే కడప అమ్మాయికి ఉద్యోగం పోయింది. కొత్తది దొరికేలోపు తమ్ముడి ఫీజు కట్టాలని ఫోనులోని ఒక యాప్‌లో ఇరవై వేలు అప్పు తీసుకుంది. చేతికొచ్చింది పదిహేను వేలే. మిగతాది ఏవో ఖర్చులట. మూడు నెలల గడువు అని పెద్ద అక్షరాల్లో చూపించి, వారం తిరగకుండానే కట్టమని వేధించారు. కట్టింది. ఇంకా ఉందన్నారు. కట్టింది. ఆమె ఫోనులో ఎవరెవరి నంబర్లు ఉన్నాయో వాళ్ళందరికీ ఫోన్లు చేశారు. కడపలో ఆమె నాన్నకు చేశారు. కొత్త ఉద్యోగానికి మాట్లాడుతున్న ఆఫీసుకూ చేశారు. ఆ ఉద్యోగం రాలేదు.

నాకూ చేశారు. ఎవరో మగగొంతు, ఆ అమ్మాయి దొంగ అన్నాడు, ఇల్లు ఖాళీ చేయించమన్నాడు. ఏం రాసుకున్నారో ఆ కాగితం చదివి వినిపించు నాయనా అన్నాను. ఫోను పెట్టేశాడు.

పైకి వెళ్తే ఆ పిల్ల గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. "నాన్నకు మొగం ఎట్ల సూపియ్యాల ఆంటీ? నేనేం దొంగతనం జేసినానా?" అంది. మూడు రోజులుగా సరిగా తిన్నట్టు లేదు. ముందు అన్నం పెట్టాను. తర్వాత ఇద్దరం ఆటో ఎక్కి ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. మా ఇంటికి అర గంట దూరం కూడా లేదు.

అక్కడ మాతో మాట్లాడిన అతను కోస్తా వైపు మనిషి. చాలా మర్యాదగా మాట్లాడాడు. "కండిషన్లన్నీ యాప్‌లోనే ఉన్నాయండి. ఆవిడ ఒప్పుకుంటున్నానని నొక్కారండి" అన్నాడు. అయితే అవి చదివి వినిపించమన్నాను. కంప్యూటరు తెరిచాడు. ఇంగ్లీషులో ముప్పై పేజీలకు పైనే ఉంది. ఒక పేజీ చదివాడు, రెండోది సగం చదివాడు. ఒక వాక్యం దగ్గర ఆగి మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు. ఆ వాక్యానికి అర్థం చెప్పమన్నాను. గొంతు తగ్గించి, "నాకూ తెలీదండి" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ వాక్యం ఎవరికీ అర్థం కాకూడదనే రాసిన వాళ్ళు ఆ గదిలో లేరు.

పోలీసు ఫిర్యాదు ఇచ్చాక ఫోన్లు ఆగాయి. కట్టిన డబ్బు రాలేదు. నాలుగు నెలలకు ఆ యాప్ మాయమై, అదే రంగులతో మరో పేరుతో వచ్చింది. నిజాంపేట హాస్టల్లో ఉండే ఆ అమ్మాయి స్నేహితురాలు అందులో చిక్కుకుంది.

అందుకే అర్జీ రాశాను. అప్పు ఇచ్చేముందు చేతికెంత వస్తుందో, మొత్తం ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో తెలుగులో, పెద్ద అక్షరాల్లో, మొదటి పేజీలోనే ఉండాలి. ఫోనులోని నంబర్లు ముట్టుకోకూడదు. తీసుకున్నవాళ్ళు ఒకటి రెండు రోజుల్లో మనసు మార్చుకుంటే జరిమానా లేకుండా తిరిగి ఇచ్చే వీలుండాలి. ఇవి తప్పితే ఆ కంపెనీకి శిక్ష పడాలి, పేరు మార్చుకుని వచ్చినా పడాలి. నియమాలు ఇప్పటికే ఉన్నాయమ్మా అంటారు ఆఫీసుల్లో. ఉంటే ఈ పిల్లలకు ఎందుకు అక్కరకు రాలేదని అడిగితే వేరే ఆఫీసుకు పొమ్మంటారు. ఆ ఆఫీసువాళ్ళు పోలీసుల దగ్గరికి పొమ్మంటారు. పోలీసులు ఢిల్లీ పేరు చెబుతారు. ఒకాయనైతే కట్టుబాట్లు ఎక్కువైతే పేదవాళ్ళకు అప్పు పుట్టదని నాకే పాఠం చెప్పాడు. చావడిలో చుట్టలు కాల్చిన పెద్దమనుషులు చొక్కాలు మార్చుకుని వచ్చి కూర్చున్నారా అనిపించింది. ఒంటికాలి మీద లేచి అరిచాను. అరిచినందుకు అర్జీ తీసుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, నా వయసుకు తగని పని చేశానని చాలాసేపు కుమిలిపోయాను.

మళ్ళీ తిరిగి రాశాను. ఈసారి సంతకాలు అడుగుతూ ప్రగతి నగర్ దాకా వెళ్ళాను. యాప్‌ల బారిన పడ్డవాళ్ళు తలుపు సగమే తెరిచారు. కథంతా చెప్పి, సంతకం దగ్గరికొచ్చేసరికి చేతులు వెనక్కి తీసుకున్నారు. పేరు బయటికొస్తే మళ్ళీ ఫోన్లు మొదలవుతాయని భయం. అప్పులేని ఇళ్ళ తలుపులు తట్టాను. మనకెందుకు టీచరమ్మా అన్నారు చాలామంది. కొందరు పెట్టారు. కడప అమ్మాయి మాత్రం అందరికంటే పైన, పూర్తి పేరు రాసి సంతకం చేసింది.

పోయిన సోమవారం, వారానికోసారి అర్జీలు తీసుకునే గదిలో రెండు గంటలు నిలబడ్డాం. నా వంతు వచ్చాక అధికారి కాగితాలు తిరగేసి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"మీరు ఎంత అప్పు తీసుకున్నరమ్మా?"

"నాకు అప్పు లేదు సార్."

"మరి మీరెందుకొచ్చిన్రు?"

"లేదు కాబట్టే వచ్చిన."

ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. ముద్ర వేసి, పక్కన ఉన్న దొంతర మీద పెట్టాడు. ఆ దొంతర చాలా ఎత్తుగా ఉంది. మా కాగితం వంతు ఎప్పటికొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేను. ఇన్నేళ్ళ తర్వాత మా నానమ్మ నుంచి నాకు మిగిలింది ఓర్పు అనుకునేదాన్ని. కాదు. ఎనిమిది రోజులు నవ్వులపాలై తొమ్మిదో రోజు మళ్ళీ చెప్పులేసుకున్న ఆ చల్లారని కోపం. బయటికొస్తుంటే కడప అమ్మాయి నా చేతిలోంచి సంచి తీసుకుని, వచ్చే సోమవారం ఎన్ని గంటలకు బయల్దేరాలని అడిగింది. ఈసారి తొమ్మిదికే అన్నాను.