ఎర్రావు ఈనిందా?

ఈ పొద్దున తలుపు గడియకు ఆముదం రాశాను. వానలకు చెక్క ఉబ్బి కిర్రుమంటోంది. వేళ్ళకంటిన ఆ వాసన ముక్కుకు తగిలేసరికి రూతమ్మత్త వచ్చి పక్కన కూర్చున్నట్లయింది. ఆమె చేతులు ఎప్పుడూ ఆముదం వాసనే వేసేవి. పొట్టి మనిషి, తెల్లచీర, ఆదివారం మాత్రం చంకలో బైబిలు. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసి, పని మానుకున్నాక మా ఊరికొచ్చి మా పక్కింట్లో ఉండేది. నేను కొత్తకోడలిగా ఆ ఊరికి పోయేటప్పటికి మా ఇంట్లో అత్త లేదు. వరస లేకపోయినా ఆమెనే అత్తా అని పిలిచాను. బడి చదువు నాకు మూడో తరగతితో సరి. మిగిలినదంతా గోడకవతల నుంచి ఆమె చెప్పిందే.

అవి పార్టీల కాలం. ఊరి నడిమి వీధికి ఈ పక్క ఒక జెండా, ఆ పక్క ఇంకొకటి. ఎవరి బోరింగు వాళ్ళది, ఎవరి టీ అంగడి వాళ్ళది. మా ఆయన సుబ్బన్న ఎవరి జోలికీ పోయే మనిషి కాదు గానీ, ఒకసారి ఎన్నికల్లో ఒక పక్క ఏజెంటుగా కూర్చున్నాడు. అంతే, అవతలివాళ్ళ కంట్లో పడ్డాడు. అప్పట్లో మనిషిని ఇంట్లోకి దూరి చంపడం తక్కువ, తెలిసినవాళ్ళలాగా బయటికి పిలిచేవాళ్ళు. అందుకే మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. బయటి నుంచి ఎవరు పేరు పెట్టి పిలిచినా మగవాళ్ళు పలకకూడదు, ఆడవాళ్ళే పలకాలి. రూతమ్మత్త ఆ పద్ధతికి తనదొకటి కలిపింది.

ఒకనాడు దీపాలు పెట్టే వేళ. మా ఆయన సంగటి ముందర కూర్చున్నాడు. అత్త ఏదో కూర ఇచ్చిపోదామని వచ్చి మాటల్లో పడింది. తలుపవతల నుంచి, "సుబ్బన్నా, ఒకపారి బయటికి రా అప్పా" అని పిలుపు. గొర్రెలు మేపే నాగయ్య గొంతు. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం. ఈయన ఎంగిలిచేత్తోనే లేవబోయాడు. అత్త ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టి, తానే తలుపు దగ్గరికి పోయింది. గడియ మాత్రం తీయలేదు.

"ఎవురప్పా?"

"నేనే అవ్వా, నాగయ్యను."

"మీ ఎర్రావు ఈనిందా నాయనా?"

అవతల కాస్త ఆగి, "ఆఁ, ఈనింది. కోడెదూడ. సుబ్బన్నను పంపు, తొందర పనుండాది" అన్నాడు.

"ఆయప్ప యాడుండాడు ఈడ? పులివెందులకు పోయినాడు. రేపు రా."

అడుగుల చప్పుడు వెనక్కి మళ్ళింది. అవి ఒక్క మనిషి అడుగులు కావు. మా ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నాగయ్యకు ఉన్నవన్నీ గొర్రెలే, ఆయన వాకిట్లో ఆవును కట్టేసింది ఏనాడూ లేదు. మందను తోలుకుని ఆయన ముద్దనూరు బీళ్ళలో ఉన్నాడని మరునాడు తెలిసింది. అవతలి పార్టీలో వీధినాటకాలాడేవాడు ఒకడుండేవాడు, ఎవరి గొంతైనా పలికించేవాడు.

"వాడు నాగయ్య కాదని నీకెట్ల తెల్సు అత్తా?" అని అడిగాను.

"నాకేం తెల్సు పాపా, తెలీకనే గదా అడిగింది. మా తమ్ముడు ఇట్లనే గొంతు నమ్మి లేసి బయటికి పోయినాడు, మళ్ళ రాలేదు. సంగటి పళ్ళెంలోనే ఉండె." గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి నొక్కి చూసింది. "ఉండేది అడిగితే దొంగ ముందే తెల్సుకోని వస్తాడు. లేనిది అడగల్ల. మనోడైతే, ఆవేంది నీ తలకాయ అంటాడు. దొంగకు పని కావాల, నువ్వేమన్నా ఊఁ కొడతాడు. తిట్టినాడంటే తలుపు తీ."

ఆ ప్రశ్న పాస్టరయ్యకు కూడా తప్పలేదు. "రూతమ్మా, నాకు ఆవు లేదు, దూడ లేదు, ఉండేది సైకిలొకటే, తలుపు తీమ్మా" అని వాకిట్లో బతిమాలుకునేవాడు. అసలు నాగయ్య అయితే వీధి మలుపులోనే, "నాకు ఆవు లేదవ్వో" అని అరుచుకుంటా వచ్చేవాడు. అయినా ఆమె వదలదు. "సరేగానీ, బర్రె ఎన్ని పాలిస్తాంది?" అనేది.

ఆ కాలం చల్లబడింది. అప్పటి రెండు పార్టీలవాళ్ళూ ఇప్పుడు ఒకే పెళ్ళిపందిట్లో పక్కపక్కన కూర్చుంటున్నారు. అత్త పోయింది. మేము ప్రొద్దుటూరు చేరాము. మా కొడుకు శీను కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడికి ఊహ తెలిసేసరికే ఆ ప్రశ్నతో మాకు పని లేకుండా పోయింది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. శీను గొంతు. "అమా, నా ఫోన్ పగిలింది, వేరేవాళ్ళ దాంట్లో చేస్తాండా. బండి తగిలి ఒకాయప్ప పడినాడు, పోలీసోళ్ళు నన్ను కూసోబెట్టినారు. నీ ఫోన్‌కు ఒక నంబరొచ్చింటాది, చెప్పుమా." మాటకు ముందు గొంతు సవరించుకోవడంతో సహా అంతా మావాడే. మా ఆయన గుండె ఆపరేషనుకని దాచుకున్నది ఆ ఫోన్ నంబరుతో ముడిపడిన ఖాతాలోనే ఉంది. ఆ సంగతి తెలిసి కూడా, బిడ్డ ఏడుపు వింటే ఏది గుర్తుంటుంది? అంకెలు చదవబోయాను. నోటికి మాత్రం అత్త మాట వచ్చింది.

"శీనా, ఎర్రావు ఈనిందా?"

"ఆఁ, ఈనిందిమా. అదంతా మళ్ళ చెప్తా. ముందు నంబరు చెప్పు."

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. తీయలేదు గానీ నా లోపల ఏమీ బాగాలేదు. భయపడిన బిడ్డ ఏమి అడిగినా ఊఁ అనడా? నిజంగా మావాడే అయితే, స్టేషన్లో కూర్చున్న కొడుకు మొహాన తలుపు వేసినదాన్నవుతాను. వాడి అసలు నంబరుకు చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మంచం మీది నుంచి మా ఆయన, "ఎవురే?" అంటే, "ఎవురూ లేరు, పండుకో" అన్నాను. డ్యూటీ దిగాక వాడు చేశాడు.

"ఏందిమా ఇన్ని మార్లు చేసినావు? లోపల మిషన్ల చప్పుడుకు యాడ వినపడతాది?"

"ఎర్రావు ఈనిందా నాయనా?"

"ఆవేంది? తిక్క లేసిందా నీకు? మనకు ఆవు యాడిది? నాయన బాగుండాడా ముందు చెప్పు."

అప్పుడు ఏడ్చాను. వాడు తిడుతూనే ఉన్నాడు. ఇంకా కొంచెంసేపు తిడితే బాగుండుననిపించింది.

వాడు అందరూ చూసేటట్లు ఫోన్లో పెట్టిన వీడియోల్లోంచి గొంతు తీసుకుని, ఒక యంత్రమే వాడిలాగా మాట్లాడిందట. అట్లాంటి దొంగ గొంతులను పసిగట్టే యంత్రాలు కూడా వస్తున్నాయని, వాటికీ వీటికీ పోటీ నడుస్తోందని వివరంగా చెప్పాడు. రెండు పార్టీలన్నమాట అనుకున్నాను.

"అవి రేపు తిట్టేది కూడా నేర్చుకుంటాయిమా. అప్పుడేం చేస్తావు?"

"బర్రెను అడుగుతా" అన్నాను.

ఇప్పుడు గడియ చప్పుడు లేకుండా జరుగుతోంది. పొద్దున నేను ఆముదం రాస్తుండగానే శీను రాత్రి డ్యూటీ నుంచి వచ్చి తలుపు కొట్టాడు. నేను అడిగాను. అవతల నుంచి, "నిద్ర లేక చస్తాంటే నీ ఆవు గోలేంది" అని మొదలుపెట్టాడు. అంతా విన్నాక ఆముదం చేత్తోనే గడియ తీశాను.