బాడిద పూసినప్పుడు కొన్న కోడిపిల్లలు

గిర్మిట్ అనే ఐదేళ్ల కూలి ఒప్పందంలో నాలుగో ఏట, ఆషాఢంలో, చెరకు కోత మొదలవుతుండగా నన్ను పొలంలోంచి తీసి కూలంబరు బంగళా కోళ్ల దొడ్డికి వేశారు. కూలంబరంటే తోట మీద తెల్ల అధికారి. అతని కింద సర్దారు, సర్దారు కింద మేము. ఊరు ఫిజీలోని సబేటో. కోళ్లది నీడపట్టు పని. కత్తి పట్టక్కర్లేదు. అందుకే అది అందరికీ కావాలి.

నాకు ముందు ఆ పని మా కూలి ఇళ్ల లైన్లోని సింహాద్రి మామది. ఇక్కడ జ్యేష్ఠ ఆషాఢాలే చలికాలం. అప్పుడు గుడ్లు ఆగిపోయాయని అతన్ని తిరిగి చెరకులోకి తోలారు. వచ్చే చలికాలం ఆగితే నీకూ అదే దారి అని సర్దారు మొదటి రోజే చెప్పాడు.

ముదురు పెట్ట ఈకలు రాల్చేటప్పుడు గుడ్డు పెట్టదు. ఫిజీలో అది చైత్ర వైశాఖాల్లో. ఆ వెనకే పొద్దు కురచవుతుంది, గుడ్లు ఇంకా తగ్గుతాయి. ఆలోగా పడుచు పెట్టలు అందుకోవాలి. పిల్ల పెరిగి గుడ్డు పెట్టడానికి ఆరు నెలలు పడుతుంది. ఇది మామకూ తెలుసు. అయితే తన భార్య కన్నమ్మత్త మాట మీద మాఘంలో పిల్లల్ని కొన్నాడు. ఇక్కడ మాఘమంటే గాలివానలు. సగం తడిసి చచ్చాయి, మిగిలినవి చలికాలానికి ఎదగలేదు.

శ్రావణంలో పక్క కోరో నుంచి, అంటే ఫిజీవాళ్ల పల్లె నుంచి, మేరే అనే ఆవిడ బుట్టెడు పిల్లల్ని తెచ్చింది. ఇప్పుడే కొను, వానలొచ్చేసరికి రెక్కలు ముదురుతాయి అని వచ్చీరాని హిందీలో చెప్పింది.

అత్త అడ్డం పడింది. "సావణంలో కోడిపిల్లలేట్రా? మీ అమ్మ నీకేటీ నేర్పనేదా? మాగం రానీ."

"మాగంలో కొనే కదత్తా, మామ చెరుకు నరుకుతున్నాడు?"

"ఆడికి సాకడం రాక!"

ఎవరి మాట వినాలో తేలలేదు. బుట్ట దింపిన చోట కంచెకు ద్రాల చెట్టుంది. మన బాడిదే. ఒంటినిండా ఎర్రగా పూసింది.

"అత్తా, మనూళ్లో బాడిద ఎప్పుడు పూస్తాది?"

"మాగం ఎల్లేసరికి. కోళ్లని పొదిగేసేదీ అప్పుడే." అంటూనే తలెత్తి చెట్టు చూసింది. "దీనికి మతి పోనాదేట్రా?"

బుట్ట మొత్తం కొన్నాను.

ఆ పిల్లలు ఫాల్గుణంలో గుడ్డుకొచ్చాయి. ముదురు పెట్టలు ఈకలు రాల్చుకుని మూల కూర్చున్నా, చలికాలమంతా బంగళాకు గుడ్డు తప్పలేదు. నా గిర్మిట్ తీరేదాకా ఆ దొడ్డి నాదే.

మరుసటి శ్రావణంలో మేరే బుట్టకు నాకంటే ముందు అత్త ఎదురెళ్లింది. నవ్వితే కసిరింది. "నేనేటీ తప్పు సెప్పనేదు. మాగమే దారి తప్పి ఇక్కడ సావణంలో దిగింది."

తర్వాత సొంత పొలంలోనూ చాలా ఏళ్లు కోళ్లు పెంచాను. చదువు ముసలితనంలో వచ్చింది, పంచాంగం చదవడం కూడా. తిథికి చూస్తాను, కోళ్లకు చూడను. మన నెలల పేర్లు మనతో ఓడెక్కాయి గానీ ఎండా వానా ఎక్కలేదు. పిల్లల్ని కొనే ముందు ఆ నేల మీది చెట్టును చూడాలి.