నిద్రలేపే సిస్టరు

పిల్లల ఆసుపత్రి ఓపీలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ ఆమె నిద్రలేపే సిస్టరు. ఎదురుగా అనే ధైర్యం లేక చాటున రాక్షసి అనేవాళ్లూ ఉన్నారు. అనరూ మరి? రాత్రంతా తల్లి ప్రాణం తోడేసి, ఏ పొద్దున్నో కునుకు పట్టిన పసివాడి అరికాలు గిల్లి ఎవరైనా లేపుతారా? ఈమె లేపుతుంది. ఓపీ తెరవగానే వరస ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంది. గుక్కపట్టి ఏడ్చేవాణ్ణి కన్నెత్తి చూడదు. చప్పుడు చెయ్యనివాడు కనబడితే మాత్రం అక్కడే ఆగిపోతుంది.

ఆసుపత్రుల్లో ఒక పాడు అలవాటుంది, దాచడమెందుకు? ఎవడు ఎక్కువ గోల చేస్తే వాణ్ణి ముందు లోపలికి తోసేస్తారు, చెవులకు కాస్త శాంతి దొరుకుతుందని. పన్నెండేళ్ల కిందట ఈమె డ్యూటీలో అలా ఏడుగురు ముందుకెళ్లారు. తల్లి భుజం మీద బుద్ధిగా పడుకున్న నీలం స్వెటరు బాబు వెనకబడ్డాడు. తీరా డాక్టరు ముందు పడుకోబెట్టేసరికి వాడు లేడు. విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయింది, అంతే. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. కనీసం తిట్టినా బాగుండేదని ఆమెకిప్పటికీ అనిపిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం భర్త గురక కాసేపు ఆగితే చాలు, ఉలిక్కిపడి ఆయన భుజం కుదిపేస్తుంది. "బతికే ఉన్నానే తల్లీ, కాస్త పడుకోనివ్వు!" అంటాడాయన. ఆయనకది నవ్వులాట. ఆమెకేమో రద్దీ రోజున వరస చివర నీలం స్వెటరు కనబడుతుంది. దగ్గరికెళ్తే అక్కడ ఎవరూ ఉండరు.

ఆ సోమవారం వరస మెట్లదాకా పాకింది. బల్ల చివర ఒక తల్లి, ఆమె భుజం మీద నిద్రపోతున్న ఏడాదిన్నర పాప.

"లేపమ్మా," అంది సిస్టరు.

"అయ్యో, మీకు దణ్ణం పెడతాను! మూడు రోజులుగా మోషన్లు, మాకెవరికీ కంటి మీద కునుకు లేదు. ఇప్పుడే పడుకుంది."

"ఉచ్చ ఎప్పుడు పోసింది?"

తల్లి తడబడింది. "నిన్న సాయంత్రం... అనుకుంటా."

"పసిపిల్లను పడుకోనివ్వరాదా, నీ సొమ్మేం పోయింది?" అని వెనక నుంచి ఓ తాత కసిరాడు.

సిస్టరు వినిపించుకోలేదు. గౌను పైకెత్తి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. చటుక్కున సర్దుకోవలసిన చర్మం అలాగే మడతపడి నిలబడింది. కళ్లు గుంటలు పడ్డాయి. అరికాలు గిల్లితే కాలు కదల్లేదు.

పాపను లాక్కుని పరుగెత్తింది. "టోకెన్ నంబరెంత?" అన్నాడు లోపల చిన్న డాక్టరు. "నంబరు తర్వాత! ముందు సెలైన్ పెట్టండి!" వయసులో చిన్నవాడైనా తెలివైనవాడు, వెంటనే సూది అందుకున్నాడు. నరం దొరకలేదు. మళ్లీ పొడిచాడు, దొరకలేదు. మూడోసారి దొరికింది. సెలైను జోరుగా వదిలారు, వేలు పొడిచి షుగరు చూశారు. "ఏడవ్వే బంగారం, నీకు పుణ్యముంటుంది, ఏడవ్వే," అని సిస్టరు పాప చల్లటి పాదాలను రుద్దుతూనే ఉంది.

ముప్పావుగంట తర్వాత పాప పైకప్పు ఎగిరిపోయేలా కేకపెట్టింది.

మధ్యాహ్నం వార్డులో సిస్టరు చెంచాతో ఓఆర్‌ఎస్ నీళ్లు పడుతుంటే, తల్లి మంచం పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. "హమ్మయ్య, పడుకుందని సంబరపడ్డాను సిస్టర్. నేనేం తల్లిని!"

పన్నెండేళ్లుగా ఎవరికీ చెప్పని మాట సిస్టరు నోట్లోంచి వచ్చేసింది.

"నీ తప్పేం లేదమ్మా. తప్పు చేసినదాన్ని నేను. ఒకావిడ ఇలాగే బాబునెత్తుకుని నా దగ్గరికొచ్చింది. వీడు మరీ డల్‌గా ఉన్నాడు, ఒక్కసారి చూడండి అంది. పడుకున్నవాణ్ణి ఎందుకు కదుపుతావ్, నీ నంబరొచ్చేదాకా కూర్చో అన్నాను. నా మాట నమ్మి కూర్చుంది. వాడు ఆవిడ భుజం మీదే పోయాడు."

తల్లి ఏడుపు ఆగిపోయింది. పాపను సిస్టరుకు దూరంగా తన ఒళ్లోకి జరుపుకుని, ఆమె చేతిలోని గ్లాసు, చెంచా కోసం చెయ్యి చాపింది.

"నేను పడతాలెండి," అంది.

సిస్టరు రెండూ ఆమె చేతిలో పెట్టేసింది.