అడుగంటాల్సిన కూర

మా మామయ్య ఓడల్లో వంటవాడు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. విశాఖపట్నం పాతపట్నంలో, రేవు వైపు దిగే సందులో ఉండేది మా ఇల్లు. అప్పటికింకా ఉక్కు ఫ్యాక్టరీ కడుతూనే ఉన్నారు. మా ఆయన తెల్లారకుండానే అక్కడికి బస్సెక్కి వెళ్ళిపోతే, ఇంట్లో మిగిలేది అత్త, మామయ్య, నేను.

మాది బొబ్బిలి వైపు. పెళ్ళికి ముందు మా పుట్టింటివాళ్ళు నన్ను ఊరించింది ఒకే మాటతో. "మావగారు ఓడల్లో దొరలకి వండి పెట్టినోడంట. నీకింక వంటింటి బాధేటుంటాదే?" నమ్మాను. తీరా వచ్చి చూస్తే ఆ మహానుభావుడు మంచినీళ్ళు కూడా తనంతట తను ముంచుకోరు. వరండాలో నవారు మంచం మీద కూర్చుని, ఏ ఓడ వచ్చింది, ఏది వెళ్ళింది అని చెబుతూ ఉండడమే ఆయన పని. ఇంట్లో గరిటె అత్తది. దాన్ని ఆవిడ ఎవరికీ ఇవ్వదు. నా చేతికి మాత్రం కత్తిపీట ఇచ్చి ఉల్లిపాయల బుట్ట చూపించింది.

అత్త వంట చాలా బావుంటుంది. చిక్కల్లా, ఆ సంగతి ఆవిడకి తెలియడమే. ఇంకొకరి వంట బావుందన్న పాపాన ఎప్పుడూ పోలేదు. పెళ్ళి విందుకి వెళ్ళొస్తే, "బిర్యానీయా అది? పెళ్ళికొడుకుని సూత్తేనే జాలేసింది నాకు" అనేది. నేను పెట్టిన టీ తాగి, "పరవాలేదు, ఏడిగానైతే ఉంది" అంది ఒకసారి. మా ఆయన ఆ మాట విని, అమ్మ నిన్ను మెచ్చుకుందోయ్ అని సంబరపడిపోయాడు. అదీ ఆ ఇంటి పరిస్థితి.

ఒక సాయంత్రం వరండాలో ఉల్లిపాయలు తరుగుతూ, ఊసుపోక మామయ్యని అడిగాను, దొరలు అన్నిటికన్నా ఇష్టంగా ఏం తినేవారని. ఆయన ముఖం వెలిగిపోయింది.

"హాష్ అమ్మా! కార్న్‌డ్ బీఫ్ హాష్. ఉప్పులో ఊరిన పెద్ద మాంసం టిన్నుల్లో వచ్చీది. దాన్ని సిదిమి, ఉడకేసిన బంగాళదుంపలూ ఉల్లిపాయలూ కలిపి పెనం మీద వేపేవోడిని. పైన ఒక గుడ్డు. గాలివానలో ఓడ ఊగిపోతంటే అదే అడిగీవోరు. అది తింటే ఇంటికాడ ఉన్నట్టుంటాదంట ఆల్లకి."

"మీకూ ఇష్టమేనా మామయ్యా?"

"నాను తినలేదమ్మా. టిన్ను మాంసం గదా. ఎవులు కోసేరో, ఏ పేరు సెప్పి కోసేరో. మనకి హలాల్ కాదు. వండేనంతే."

"మరి ఉప్పెలా చూసేవారు?"

"నా కింద ఒక గోవావోడుండేవోడు. ఆడు సూసి సెప్పేవోడు, బాగుందని. ఆడికి పచ్చి దుంప పెట్టినా బాగుందనే అనీవోడులే. కానీ పళ్ళేలు మాత్రం ఖాళీగా వచ్చీవి. ఒక్క ముక్కా మిగిలీది కాదు."

లోపలినుంచి అత్త గొంతు వచ్చింది. "ఆ, అదో గొప్ప! నడిసముద్రంలో ఇంకో హోటలుంటాదేటి మరి? ఆకలేసినోడు ఏదెడితే అదే తింటాడు."

నేను నవ్వేశాను. అత్త కూడా నవ్వింది. మామయ్య నవ్వలేదు. ఆ రాత్రి అన్నం కూడా సగమే తిన్నారు. మర్నాడు అత్త బజారుకి వెళ్ళాక నన్ను పిలిచి మెల్లిగా అన్నారు.

"మీ అత్త అన్నదీ నిజమేనేమోనమ్మా. ముప్పై ఏళ్ళు అదే పని సేసేను. బాగా సేసేనో, ఆల్లు గతిలేక తిన్నారో, నాకు తెలవదు. ఒక్కసారి మన కసాయి కాడ మాంసం తెచ్చి, మనింట్లో వండుకు తిని సూడాలనుంది."

నాకు మనసు చివుక్కుమంది. బతుకంతా చేసిన పని మంచిదో కాదో తెలియకుండా ఒక మనిషి మంచం మీద కూర్చుని ఓడలు లెక్కపెట్టుకుంటున్నాడా అనిపించింది. అత్తకి నేనే చెప్పాను. ఆవిడ మూతి ముడుచుకుని, "పైత్యం" అంది. కానీ వద్దనలేదు. అత్త వద్దనలేదంటే సరే అన్నట్టే.

కసాయి దుకాణంలో రొమ్ము దగ్గర కొవ్వున్న ముక్క అడిగితే, బిర్యానీకి ఇది పనికిరాదని కసాయి మాకే పాఠం చెప్పాడు. అయినా మామయ్య అదే కట్టించుకున్నారు. టిన్నులో దొరికేదాన్ని ఇంట్లో చెయ్యాలంటే ముందు మాంసాన్ని ఉప్పునీళ్ళలో నాలుగైదు రోజులు ఊరబెట్టాలి. ఉప్పు, బెల్లం, మిరియాలు, లవంగాలు, బిర్యానీ ఆకు వేసి నీళ్ళు మరగబెట్టి చల్లార్చాం. ముక్క గులాబీ రంగు తేలాలంటే చిటికెడు సురేకారం వెయ్యాలని మామయ్య అన్నారు.

"అది టపాకాయల్లో ఏస్తారు గదా! నా ఇంట్లో పేలితే ఎవులిది పూచీ?" అని అత్త అడ్డంగా నిలబడింది. సురేకారం రాలేదు. పైగా జాడీ విషయంలో పెద్ద యుద్ధమే జరిగింది. ఆవకాయ జాడీలో మాంసం పెడితే ఆ జాడీ ఇంక ఎందుకూ పనికిరాదని ఆవిడ వాదన. చివరికి అంచు విరిగిన జాడీ ఒకటి అటక మీదనుంచి దించి, అదేదో దానం చేస్తున్నట్టు ఇచ్చింది.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. విశాఖపట్నం ఉక్కలో మాంసం ఒక్క పూట కూడా ఆగదు. మామయ్య చేపల రేవుకి వెళ్ళి, ఊకలో కప్పిన ఐసు దిమ్మ గోనెసంచీలో చుట్టించి రిక్షాలో వేసుకొచ్చారు. జాడీని గంగాళంలో పెట్టి చుట్టూ ఐసు పేర్చాం. మర్నాడు మళ్ళీ ఐసు, ఆ మర్నాడు మళ్ళీ ఐసు.

ఇంటికి ఐసు దిమ్మలు వస్తే వీధి ఏమనుకుంటుందో మాకు తట్టనే లేదు. రెండో రోజు పొద్దున్నే జాలరిపేటనుంచి రోజూ మాకు చేపలు తెచ్చే ఆవిడ గుమ్మంలో తట్ట దించి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! ముసిలాయన పోనాడంటగా! మొన్ననే గదమ్మా నాతో బేరమాడేడు! కొడుకులెవులైనా దూరంనుంచి రావాలా ఏటి, ఐసులో పెట్టేరు?"

ముసలాయన లోపలినుంచి ఐసు కొట్టే సుత్తితో బయటికొచ్చారు. ఆవిడ కెవ్వున అరిచి తట్ట అక్కడే వదిలేసి సందు చివరిదాకా పరిగెత్తింది. తర్వాత విషయం తెలిసి, ఏడిపించినందుకు ఆ రోజు చేపలకి రూపాయి ఎక్కువ తీసుకుంది. పక్కింటివాళ్ళు మాత్రం సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు. పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ చనిపోయినాయనే టీ పెట్టించి ఇచ్చారు.

శుక్రవారం నాడు మాంసం బయటికి తీసి కడిగి, చిన్న మంట మీద చాలాసేపు ఉడికించాం. వేలితో నొక్కితే పోగులు పోగులుగా విడిపోయింది. మామయ్య అందులో సగం తీసుకుని, దుంపలూ ఉల్లిపాయలూ చేర్చి, మిరియాల పొడి చల్లి, ఇనప పెనం మీద చేత్తో అణిచి పరిచారు. కిరసనాయిలు స్టవ్ మంట బాగా తగ్గించారు. అంతలో సాయంత్రం అసర్ నమాజుకి అజాన్ వినిపించింది.

"నానొచ్చీదాకా ముట్టుకోకండి" అని చెప్పి మసీదుకి వెళ్ళారు.

ముట్టుకోకూడదనే అనుకున్నాం. అల్లా సాక్షిగా, కాసేపు ముట్టుకోలేదు కూడా. కానీ పెనం అడుగునుంచి చిటపట మొదలైంది. ఆ తర్వాత వాసన మొదలైంది. అడుగంటుతున్న వాసన. ఆ వాసన ముక్కుకి తగిలాక చేతులు కట్టుకుని నిలబడగలిగే ఆడదాన్ని నేను ఇంతవరకూ చూడలేదు. మా పుట్టింట్లో కూర అడుగంటితే వీధి తలుపు వేసేవాళ్ళు, పరువు పోతుందని. నేను అత్త ముఖం చూశాను. అత్త నా ముఖం చూసింది.

"మాడిపోతందే!" అంది.

"ముట్టుకోవద్దన్నారు కదా అత్తా."

"ఆయనకేటి తెలుసే!" అని గరిటె దింపింది. నేను చెంబుతో నీళ్ళు పోశాను. ఇద్దరం కలిసి అడుగు గీకి, కలిపి, మళ్ళీ గీకి, మొత్తం కాపాడేశాం. మామయ్య వచ్చేసరికి పెనం నిండా బూడిద రంగు ముద్ద ఉడుకుతోంది.

"ఏటి సేసేరు?"

"మాడిపోతంటే కాపాడేం" అంది అత్త, మెచ్చుకోలు కోసం చూస్తూ.

ఆయన పీట మీద కూర్చుండిపోయారు. "అడుగంటాలే అది. అడుగున ఎర్రగా పట్టాల, పట్టింది తిరగెయ్యాల, మళ్ళీ పట్టాల. దాని పేణమంతా అందులోనే ఉంది గదే."

"కూర అడుగంటించడానికా ఆ ఓడోళ్ళు నీకు జీతం ఇచ్చింది?" అంది అత్త.

ఆయన లేచి వెళ్ళి నవారు మంచం మీద కూర్చున్నారు. రేవు వైపు కూడా చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. అత్త కొంతసేపు గిన్నెలు గట్టిగా సర్దింది. తర్వాత చప్పుడు చెయ్యకుండా కూర్చుని, నాకు చెప్పకుండా తనే దుంపలు ఒలిచి ఉడకేసింది. మిగిలిన సగం మాంసం పళ్ళెంలో పెట్టింది. పెనం బూడిదతో తోమింది. చివరికి వరండాలోకి వెళ్ళి, ఎవరికీ ఇవ్వని ఆ గరిటె ఆయన ముందు చాపింది.

"రా. నీ అడుగు నువ్వే అంటించుకో."

ఈసారి ఆయన పెనం ముందునుంచి కదల్లేదు. అత్త మాత్రం తరిగిన పచ్చిమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని వెనకాలే తిరిగింది. అల్లం, వెల్లుల్లి, కారం, ఏదీ లేకుండా మాంసం వండడం ఆవిడకి చూడలేని పనిగా ఉంది.

"నాలుగే నాలుగు ముక్కలేత్తానయ్యా."

"వద్దే. నీ సెయ్యి పడితే అది బాగుంటాది. నాది బాగుందో లేదో నాకు తెలవాల."

అత్త కాసేపు ఆయన వీపుకేసి చూసింది. మిరపకాయలు తీసుకెళ్ళి గిన్నెలో వేసేసింది. ఆవిడకి ఆ క్షణంలో అర్థమైందనుకుంటా, ఇదంతా తిండి మీద మోజు కాదని.

పెనం చిటపటలాడింది. మామయ్య చెవి వంచి విన్నారు. రుచి చూడని మనిషి కదా, ఆయనకి చెవీ ముక్కే ఆధారం. ఒక చోట చప్పుడు మారగానే గరిటెతో అక్కడ ఎత్తి తిరగేశారు. ముదురు ఎరుపు చెక్కు పైకొచ్చింది. అందరికీ తలో గుడ్డు వేసి, పళ్ళేల్లో పెట్టారు. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన కూడా కూర్చున్నాడు గానీ, అతణ్ణి లెక్కలోకి తీసుకోకూడదు. వాళ్ళమ్మ ముఖం చూడందే అతను ఏ వంటా బావుందనడు.

మామయ్య బిస్మిల్లా అని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. చాలాసేపు నమిలారు. మేమంతా ఆయన నోటికేసే చూస్తున్నాం.

"ఎలా ఉంది మామయ్యా?"

"తెలవట్లేదమ్మా" అన్నారు. "ఇదెలా ఉండాలో నాకు తెలిస్తే గదా."

ఇంత చేసి, ఇదా చివరికి అనిపించింది. ఐసు మోసినందుకూ, చావు పరామర్శలు పడ్డందుకూ ఏం మిగిలిందసలు? నాకైతే చాలా బావుంది. కరకరలాడే చెక్కు కింద మెత్తగా, ఉప్పగా, కడుపులోకి వెచ్చగా దిగుతోంది. ఆ మాటే అన్నాను. కానీ కొత్త కోడలు మామగారి వంట బావుందనక ఇంకేమంటుంది? ఆయన మొహమాటంగా తల ఊపారు.

అత్త మాత్రం తల వంచుకుని తింటోంది. పళ్ళెంలోది అయిపోయింది. లేచి వెళ్ళి, పెనం తెచ్చి ముందు పెట్టుకుని, అడుగున పట్టిన చెక్కు గరిటెతో గీక్కుని తింది. మాకు కావాలా అని అడగలేదు. మొత్తం అయ్యాక పెనం నేలమీద ఠంగుమని పెట్టి, మామయ్య మీద విరుచుకుపడింది.

"ఏటయ్యా, ఇంత బాగా వండడం తెలిసుండీ, ఓడ దిగినకాడినుంచీ నా సేత వండించుకు తింటన్నావా? సిగ్గు లేదా నీకు?"

మామయ్య కళ్ళు నిండిపోయాయి. తువ్వాలుతో తుడుచుకుని, కొంచెం ముందుకి వంగారు.

"ఏటన్నావే? మళ్ళీ అను."

"సెవుడేటి? సిగ్గు లేదా అన్నాను."

"అది కాదు. దాని ముందరిది."