ఆయన బోనులో చెప్పిన మాట

పాత తీర్పు వెతికిపెట్టమని ఎవరైనా వస్తే నాకు ముందు నడుం నొప్పి గుర్తొస్తుంది. ఏలూరు కోర్టులో ఇన్నేళ్ళ ప్రాక్టీసులో వాదించిన దానికంటే వెతికిందే ఎక్కువ. ఇప్పుడంతా ఫోనులోనే ఉంది కదండీ అంటారు కుర్ర వకీళ్ళు. ఉంది, ఎందుకు లేదూ! దొరకడమే లేదు.

కైకలూరు నుంచి ఆవిడ వచ్చినప్పుడూ లోపల విసుక్కున్నాను. తండ్రిది చేపల చెరువులకి మేత అమ్మే కొట్టు. ఆయన పోయాక మొదటి భార్య కొడుకు తాళం వేసుకుని, నువ్వెవరో మాకు తెలీదు పొమ్మన్నాడట. ఈవిడ రెండో ఆవిడ కూతురు. బళ్ళో కూడా తండ్రి పేరు చోట మేనమామ పేరే రాయించారు. ఫలానా ఆయన కూతుర్నని చూపించడానికి చిన్న కాగితం ముక్క లేదు. ఉన్నది ఒక్కటే ధైర్యం. ఈవిడ చిన్నప్పుడు బాబాయి ఆ కొట్టులో వాటా కోసం దావా వేస్తే నాన్నగారు బోనెక్కారు. "మా గురించి అక్కడ చెప్పే ఉంటారండీ. ప్రమాణం చేశాక అబద్ధం ఆడరు కదా" అంది.

కైకలూరు అప్పట్లో కృష్ణా జిల్లా. ఏలూరులో అడిగితే ఆ రికార్డు అటువైపే ఉంటుందన్నారు. అటు వెళితే, సాక్షుల వాంగ్మూలాలు గడువు తీరాక తీసేస్తారండీ అని చాలా మర్యాదగా చెప్పారు. తిరుగు బస్సు కోసం ఎండలో నిలబడి, ఈ వయసులో నాకెందుకొచ్చిన తద్దినం ఇది అనుకున్నాను.

ఆ దావా హైకోర్టు దాకా వెళ్ళిందని ఆవిడే చెప్పింది. ఆ తీర్పులు ఇప్పుడు కంప్యూటర్లో పెట్టారు. వాళ్ళ ఇంటిపేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ కొట్టి, ఎవరెవరివో కొల్లేటి చెరువుల తగాదాలన్నీ దాటుకుంటూ, చివరికి పట్టుకున్నాను. ఆయన సాక్ష్యం ఒక పేరాలో ఉంది. ఉమ్మడి సొమ్ము రెండో సంసారానికి తగలేశాడని తమ్ముడి ఆరోపణ. తనకు వేరే సంసారం లేదనీ, ఆ మనిషెవరో, ఆ పిల్లెవరో ఎరగననీ ఆయన జవాబు. కొట్టు ఆయనకే దక్కింది. ఇప్పుడు ఈవిడ వాటా అడుగుతున్నది ఆ కొట్టులోనే.

ఒళ్ళు మండింది, ఆయన మీదా, వెతికి పట్టుకున్న నా మీదా. నాకు దొరికింది రేపు అవతలి వకీలుకి మాత్రం దొరకదా?

ఫోనులో చెప్పడానికి నోరు రాక రమ్మన్నాను. ఆ పేరా తెలుగులో చెప్పి, మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాను. ఆవిడ ఏడవలేదు. గ్లాసు పక్కకి జరిపి అంది.

"అబద్ధం చెప్పేటప్పుడు మా నాన్నగారు తల వంచుకునేవారండీ. వచ్చే ఆదివారం వస్తానమ్మా అని నేల చూశారంటే, ఇక రారని మా అమ్మకీ నాకూ తెలిసిపోయేది. జడ్జిగారు ఎదురుగానే ఉన్నారు కదా. తల వంచుకున్నారని ఎక్కడైనా రాశారేమో చూడండి."

అలాంటివి రాయరు. నాకు తెలుసు. అయినా కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఆవిడ నా మొహమే చూస్తూ కూర్చుంది.